ఒమన్‌లో నాలుగు రోజులు: మస్కట్ చూశాక ఏ దారి పట్టాలి?

డిసెంబరు దగ్గర పడుతోందంటే మస్కట్‌లో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మేం వస్తున్నాం, నాలుగు రోజులుంటాం, ఏమేం చూపిస్తావు?" అని. అప్పటికే వాళ్ళ దగ్గర ఒక లిస్టు ఉంటుంది. పెద్ద మసీదు, కోటలు, ఎడారిలో గుడారం, పచ్చటి నీళ్ళ మడుగులు, తాబేళ్ళు, సలాలా. ఆ లిస్టులో తీసేయాల్సింది ఒక్కటీ లేదు. కానీ ఇవన్నీ ఒక్క చోట లేవు. మస్కట్ నుంచి సలాలాకు రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చినంత దూరం.

మొదట్లో నేనూ వచ్చినవాళ్ళకు అన్నీ చూపించాలని ఆరాటపడేవాణ్ణి. ఒకసారి మా పిన్ని, బాబాయిలను మూడు రోజుల్లో నిజ్వా, వాదీలు (కొండవాగులు), ఎడారి అన్నీ తిప్పాను. ఊరెళ్ళాక పిన్ని ఫోన్‌లో, "చాలా చూశాం నాన్నా, కానీ కళ్ళు మూసుకుంటే కారు సీటే కనిపిస్తోంది" అంది. ఆ మాట మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను. మస్కట్‌కు ఒక రోజు ఇవ్వండి, మిగిలిన రోజులన్నీ ఒకే ఒక్క దారికి ఇవ్వండి.

ఉన్నవి మూడు ముఖ్యమైన దారులు. దేశం లోపలికి వెళ్తే నిజ్వా, దాని వెనక కొండలు. తూర్పు తీరం వెంట వెళ్తే వాదీలు, సూర్, అక్కణ్ణుంచి ఇసుక తిన్నెలు. దక్షిణాన సలాలా. ముసందం అని నాలుగోది కూడా ఉంది, దాని గురించి చివర్లో చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది నెల. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా ఒమన్ ఉత్తర భాగమంతా హాయిగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా మస్కట్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా సముద్రపు ఉక్క. ఆ నెలల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కోటలు, ఎడారి తిరగడం మంచిది కాదు. సలాలాది దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క.

రెండోది మోకాళ్ళు. వచ్చేవాళ్ళలో అమ్మానాన్నలు ఉంటే అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. ఒమన్‌లో గొప్ప చోట్లు చాలావరకు మెట్ల మీదో, రాళ్ళ మధ్యనో ఉంటాయి.

మూడోది బండి. మామూలు కారుతో వెళ్ళగలిగేవి కొన్ని, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి అయినవి కొన్ని. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, రోడ్డుకు కుడివైపున నడపాలి. హైవే మీద గరిష్ఠ వేగం 120, అడుగడుగునా కెమెరాలు. ఇండియాలో బాగా నడిపేవాళ్ళయినా మొదటి రోజే ఘాట్ రోడ్డెక్కకండి.

నాలుగోది చాలామంది పట్టించుకోరు కానీ ప్రయాణం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది: శుక్రవారం ఎక్కడుంటారు? ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం పెద్ద మసీదులోకి సందర్శకులను రానివ్వరు. నిజ్వా మేకల సంత మాత్రం శుక్రవారం పొద్దున్నే జరుగుతుంది. మధ్యాహ్నం జుమ్మా నమాజు వేళకు షాపులు చాలావరకు మూసేస్తారు. కాబట్టి కాగితం మీద ముందు శుక్రవారం గడి నింపండి, మిగతా రోజులు వాటంతటవే కుదురుతాయి.

| దారి | మస్కట్ నుంచి | మంచి నెలలు | నడక, మెట్లు | బండి | ఎన్ని రోజులు |
|---|---|---|---|---|---|
| నిజ్వా, కొండలు | నిజ్వాకు సుమారు 160 కి.మీ. | అక్టోబరు–ఏప్రిల్; గులాబీల కోసం ఏప్రిల్ | కోటలో మెట్లు, కొండ మీద తేలిక నడక | నిజ్వాకు మామూలు కారు, కొండకు ఫోర్ వీల్ | 2 |
| తూర్పు తీరం, వాదీలు, సూర్ | సూర్‌కు సుమారు 200 కి.మీ. | అక్టోబరు–ఏప్రిల్ | వాదీ షాబ్‌లో కష్టం, బనీ ఖాలిద్‌లో తేలిక | మామూలు కారు చాలు | 1 లేదా 2 |
| ఇసుక తిన్నెలు | 200 కి.మీ. పైన | నవంబరు–ఫిబ్రవరి | తక్కువే, కానీ కుదుపులు ఎక్కువ | ఫోర్ వీల్ లేదా క్యాంపు బండి | ఒక రాత్రి |
| సలాలా | సుమారు 1,000 కి.మీ., విమానం మేలు | జూలై–ఆగస్టు లేదా నవంబరు–మార్చి | తక్కువ | మామూలు కారు | 3 |

మస్కట్: అందరికీ ఒక రోజు

సుల్తాన్ ఖబూస్ గ్రాండ్ మసీదులోకి ముస్లిమేతరులకు శనివారం నుంచి గురువారం దాకా పొద్దున 8 నుంచి 11 గంటల వరకే అనుమతి. ఎనిమిదికల్లా గేటు దగ్గరుండండి. ఆడవాళ్ళు తల, చేతులు, కాళ్ళు పూర్తిగా కప్పుకోవాలి. చీరలో వచ్చేవాళ్ళయితే నడుము, చేతులు కనబడకుండా పెద్ద శాలువా కావాలి. పంజాబీ డ్రెస్, తలమీద చున్నీ అయితే ఏ ఇబ్బందీ ఉండదు.

2001లో తెరిచిన ఈ మసీదు కట్టడానికి మూడు లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశం నుంచే వచ్చింది. లోపల ప్రధాన ప్రార్థనాశాలలో పరిచిన తివాచీ విస్తీర్ణం 4,300 చదరపు మీటర్ల పైన, బరువు 21 టన్నులు. ఇరాన్‌లో 600 మంది మహిళలు నాలుగేళ్ళపాటు నేశారు. మా అమ్మ పైనున్న షాండిలియర్‌కేసి ఒక్కసారి చూసి, ఆ తర్వాత ఎంతసేపూ తివాచీ అంచు దగ్గరే వంగి ముడులు చూస్తూ ఉండిపోయింది. మా అమ్మమ్మ వాళ్ళింట్లో మగ్గం ఉండేది. వెనక క్యూ పెరుగుతున్నా ఆమెను తొందర పెట్టలేకపోయాను.

మసీదు తర్వాత రాయల్ ఒపేరా హౌసా, నేషనల్ మ్యూజియమా అని అడుగుతారు. ఎండవేళ ఒక్కటే చూడగలరు కాబట్టి నేను మ్యూజియం అంటాను. 2016లో తెరిచారు, అల్ ఆలం రాజభవనానికి ఎదురుగానే ఉంటుంది. బయటికి రాగానే రాజభవనం, దానికి అటూ ఇటూ పోర్చుగీసు కాలం నాటి జలాలి, మిరాని కోటలు ఒకే చోట కనిపిస్తాయి. ఆ దగ్గర్లోనే మోతీశ్వర్ శివాలయం ఉంది. గుజరాతీ వర్తకుల నాటి గుడి. మహాశివరాత్రికి ఇసకేస్తే రాలనంత జనం. అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళు మ్యూజియం మానేసినా ఈ గుడి మానకండి.

సాయంత్రం ముత్రా సూక్, అంటే ముత్రా బజారు. ఇక్కడ హడావిడి పడకండి. లుబాన్ (సాంబ్రాణిలా ధూపం వేసే చెట్టు బంక) అమ్మే కొట్టు దగ్గర ఆగితే కొట్టతను చిన్న మట్టి కుంపటిలో బొగ్గు మీద ఒక పలుకు వేస్తాడు. మొదట పొగ, తర్వాత నిమ్మతొక్క లాంటి వాసన, ఆ తర్వాత మన ఇంట్లో సాంబ్రాణి వేసిన శుక్రవారం సాయంత్రం. పలుకులు ఎంత లేతగా, కాస్త ఆకుపచ్చ ఛాయలో ఉంటే అంత మేలు రకం, హోజరీ అంటారు. ఎర్రగా, మట్టిగా ఉన్నవి చౌక. మొదటి కొట్టులోనే కొనకండి, నాలుగు కొట్లలో వాసన చూసి కొనండి.

నిజ్వా, కొండలు: పెద్దవాళ్ళతో వస్తే ఇదే

మూడు దారుల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఎక్కువమందికి నేను ఇదే చెప్తాను. ఒమన్ అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే. రోడ్డు బాగుంటుంది, రెండు గంటల్లోపు చేరతారు.

గురువారం రాత్రికి నిజ్వా చేరి, శుక్రవారం ఏడు గంటలకల్లా సంతలో ఉండండి. గుండ్రటి అరుగు చుట్టూ కొనేవాళ్ళు నిలబడి, కూర్చుని ఉంటారు. అమ్మేవాళ్ళు మేకను తాడుతో పట్టుకుని మధ్యలో గుండ్రంగా తిప్పుతూ ధర అరుస్తుంటారు. నచ్చినవాళ్ళు చెయ్యి చాపి ఆపుతారు, పళ్ళు చూస్తారు, వీపు నిమిరి కండ చూస్తారు, తల అడ్డంగా ఊపి వదిలేస్తారు. మన అంగడిలో చూసిన తంతే. భాష అర్థం కాకపోయినా బేరం మొత్తం అర్థమవుతుంది. మా బాబాయి పాడి పెంచిన మనిషి. రెండు రోజులుగా మౌనంగా తిరిగినాయన అక్కడ గంటసేపు నాకే ఒక్కో మేకను వివరించాడు.

పక్కనే కోట. 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు, పన్నెండేళ్ళు పట్టింది. ఆ పెద్ద గుండ్రటి బురుజులో మెట్లు ఇరుగ్గా, మలుపులు మలుపులుగా ఉంటాయి. శత్రువు తలుపు దాటి వస్తే పైనున్న కంతల్లోంచి మరిగే ఖర్జూర పాకం పోసేవారు. ఆ పాకం ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలియాలంటే ఖర్జూరాలు నిలవచేసే గది చూడాలి. నేలమీద గాడులు తీసి ఉంటాయి. వాటి మీద ఖర్జూరపు మూటలు ఒకదానిపై ఒకటి పేరిస్తే, వాటి బరువుకే రసం కారి, గాడుల వెంట కుండలోకి చేరేది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బురుజు ఎక్కక్కర్లేదు, కింద గదులే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి.

తర్వాతి ప్రశ్న, జబల్ అఖ్దరా, జబల్ షమ్సా? రెండూ ఒక్క ప్రయాణంలో పెట్టుకోకండి.

జబల్ అఖ్దర్ అంటే పచ్చకొండ. సైఖ్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. కిందనున్న బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే పైకి వదలరు. రోడ్డు తారుదే, నున్నగానే ఉంటుంది. కానీ దిగేటప్పుడు వాలు బాగా ఎక్కువ, బ్రేకులు వేడెక్కిపోతాయి. మీకు అలవాటు లేకపోతే కారు కింద పెట్టి, డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా ప్రాణానికి హాయి. పైన మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు, దానిమ్మ తోటలు, ఏప్రిల్‌లో గులాబీలు. ఆ రెక్కలను కుండల్లో కాచి పన్నీరు తీస్తారు. పొలాలకు నీళ్ళు వచ్చేది ఫలజ్ కాలవలోంచి. కొండ నీటిని వంతులవారీగా అందరికీ పంచే ఏర్పాటు ఇది. ఒమన్‌లో ఇలాంటివి ఐదింటికి 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వారబందీ తెలిసిన మన రైతులు ఆ కాలవ గట్టు మీద నిలబడితే ఇంకేం చెప్పక్కర్లేదు.

జబల్ షమ్స్ ఇంకా ఎత్తు, సుమారు 3,000 మీటర్లు. అక్కడ చూడాల్సింది లోయ. అంచున నిలబడితే కిందకు కిలోమీటరు లోతు. ఖతీమ్ ఊరి నుంచి లోయ అంచు వెంట పాడుబడ్డ పల్లె దాకా వెళ్ళే కాలిబాట కుర్రవాళ్ళకు జీవితాంతం గుర్తుండిపోతుంది. కంచె ఉండదు. కళ్ళు తిరిగేవాళ్ళు, చేయి వదిలించుకుని పరుగెత్తే వయసు పిల్లలున్నవాళ్ళు ఇటు రాకండి. పెద్దవాళ్ళతో అయితే అఖ్దర్, స్నేహితులతో అయితే షమ్స్.

తూర్పు తీరం: ఈత వచ్చినవాళ్ళకు స్వర్గం

వాదీ అంటే కొండల మధ్య వాగు. ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది, కొన్నిటిలో మాత్రం ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. మస్కట్ నుంచి సూర్ వెళ్ళే దారిలో ముందు బిమ్మా గుంట వస్తుంది, సున్నపురాయి కుంగి ఏర్పడిన నీలిపచ్చ మడుగు. మెట్లు దిగి కాళ్ళు పెట్టుకోవచ్చు. అరగంట చాలు.

అసలు ఎంపిక వాదీ షాబ్‌కూ వాదీ బనీ ఖాలిద్‌కూ మధ్య. షాబ్‌లో ముందు చిన్న పడవలో అవతలి ఒడ్డుకు దాటాలి, తర్వాత ముప్పావు గంట రాళ్ళ మీద నడక, ఆ తర్వాత మడుగుల్లో ఈదుకుంటూ వెళ్తే చివర్లో ఒక సన్నటి సందు. తల మాత్రమే పట్టే ఆ సందులోంచి దూరితే లోపల గుహ, గుహలో జలపాతం. ఈత బాగా వచ్చినవాళ్ళకు ఒమన్ మొత్తంలో ఇంతకు మించింది లేదు. ఈత రానివాళ్ళకు మాత్రం సగంలోనే ఆగిపోవాల్సి వస్తుంది, ఒడ్డున కూర్చుని బ్యాగులు కాయాల్సి వస్తుంది. కుటుంబంలో ఇద్దరికి ఈత వచ్చి నలుగురికి రాకపోతే బనీ ఖాలిద్‌కు వెళ్ళండి. కారు దిగి కాసేపు నడిస్తే పెద్ద మడుగు, చుట్టూ ఖర్జూర చెట్ల నీడ, పక్కనే తినడానికి చోటు. కాళ్ళు నీళ్ళలో పెడితే చిన్న చేపలు వచ్చి గిల్లుతాయి. పిల్లలు ఒక పట్టాన బయటికి రారు. రెండు చోట్లా మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టల్లోనే నీళ్ళలో దిగండి. అవి ఊళ్ళ మధ్య ఉన్న వాగులు, అక్కడి ఆడవాళ్ళు, పెద్దలు తిరిగే చోట్లు.

ఇక్కడ ఒక్క విషయం బతిమాలి చెప్తున్నాను. మబ్బు పట్టినా, వాన సూచన ఉన్నా వాదీలోకి అడుగు పెట్టకండి. మీ తలమీద చినుకు పడక్కర్లేదు. ఎక్కడో కొండ మీద పడ్డ వాన నిమిషాల్లో ఎర్రటి గోడలా దూసుకొస్తుంది. 2024 ఏప్రిల్ వరదల్లో బడిపిల్లలు సహా ఎందరో కొట్టుకుపోయారు. రోడ్డు మీద వాదీ పారుతుంటే "ముందు కారు దాటింది కదా" అని దిగకండి. టికెట్ డబ్బులు పోతే పోతాయి.

సూర్‌లో ఇప్పటికీ చెక్క పడవలు కట్టే యార్డు ఉంది. మలబారు టేకు ఓడలెక్కి వచ్చి ఇక్కడ మళ్ళీ ఓడలయ్యేది. అక్కణ్ణుంచి ముందుకెళ్తే రాస్ అల్ జింజ్, పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం. తాబేళ్ళు ఏడాదంతా వస్తాయి, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఎక్కువ. శీతాకాలంలో వెళ్తే కనబడొచ్చు, కనబడకపోవచ్చు. పిల్లలకు ముందే మాటివ్వకండి. గైడు లేకుండా తీరానికి పోనివ్వరు, ఫ్లాష్ వెయ్యనివ్వరు. అలాగే ఉండాలి కూడా.

ఇసుక తిన్నెలు: ఒక్క రాత్రి, అంతకు మించి వద్దు

వహీబా ఇసుక, అధికారికంగా షర్ఖియా ఇసుక, సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు. సాయంత్రం తిన్నె ఎక్కి కూర్చుంటే ఇసుక రంగు పసుపు నుంచి నారింజకు, అక్కణ్ణుంచి ఇటుక రంగుకు మారుతుంది. చీకటి పడ్డాక చెయ్యి లోపలికి పోనిస్తే పైన చల్లగా, లోపల ఇంకా వెచ్చగా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో స్వెట్టర్ లేకపోతే వణుకే.

క్యాంపు బుక్ చేసేముందు నాలుగు సంగతులు అడగండి. తారు రోడ్డు నుంచి ఎంత లోపలికి? తీసుకెళ్ళే బండి ధరలో ఉందా? బాత్రూం గుడారానికే ఉందా, ఉమ్మడా? శాకాహారం ఏం పెడతారు? మా పిన్ని వాళ్ళని తీసుకెళ్ళినప్పుడు రెండో ప్రశ్న అడగలేదు. తీరా ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర దిగాక బండికి వేరే డబ్బు కట్టమన్నారు, అదీ గదికి కట్టినంత. చీకటి పడుతోంది, చేసేదేం లేక కట్టాం.

ఇసుకలో బండిని ఎగరేసే డ్యూన్ బాషింగ్ నడుం నొప్పి ఉన్నవాళ్ళకు, గర్భిణులకు వద్దే వద్దు. ఎడారి ఎలాగైనా చూడాలని ఉండి రోజులు లేకపోతే, పొద్దున బనీ ఖాలిద్, సాయంత్రం తిన్నెలు కలిపి పెట్టుకోండి. రెండూ ఒకే దిక్కున ఉంటాయి.

సలాలా: మీరు ఎక్కణ్ణుంచి వస్తున్నారు?

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అరేబియా అంతా మాడిపోతుంటే సలాలా కొండల మీద పొగమంచు, సన్నటి తుంపర, పచ్చగడ్డి. దాన్ని ఖరీఫ్ అంటారు. మన ఖరీఫ్ పంట పేరు కూడా ఈ అరబ్బీ మాటే. అయితే నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. తెలుగు నేల నుంచి వచ్చేవాళ్ళు ఖరీఫ్ కోసం డబ్బు పోసి రావక్కర్లేదు. వానకాలంలో అరకు చూసినవాళ్ళకు ఆ పచ్చదనం కొత్త కాదు. పైగా ఆ రోజుల్లో గల్ఫ్ దేశాలన్నీ అక్కడే ఉంటాయి, గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. మీరు నవంబరు తర్వాత రండి. మంచు తెర తొలగి సముద్రం నీలంగా ఉంటుంది, లుబాన్ చెట్లున్న వాదీ దవ్కా, పాత రేవు సుమ్‌హురం తీరిగ్గా చూడొచ్చు. ఈ లుబాన్ నేలకు 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

గల్ఫ్‌లోనే పనిచేస్తూ, రెండు మూడేళ్ళుగా ఇంటికి వెళ్ళలేకపోయిన మనవాళ్ళ సంగతి వేరు. జగిత్యాల నుంచి వచ్చినా, కడప నుంచి వచ్చినా, జూలై ఎండలో సైటు మీద నిలబడేవాళ్ళకు సలాలా తుంపర కింద మూడు రోజులు మందులాంటివి. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు, అరటి గెలలు, బొప్పాయిలు వేలాడే కొట్లు కనబడగానే కోనసీమ మిత్రుడొకడు కారు ఆపించి, ఏమీ కొనకుండా అలా చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళకు ఖరీఫ్‌లోనే వెళ్ళమంటాను. గది మాత్రం నెల ముందే చూసుకోండి.

ముగ్సైల్ దగ్గర రాళ్ళ కంతల్లోంచి సముద్రం పైకి చిమ్ముతుంది. కంచె అవతలికి ఫోటో కోసం కూడా వెళ్ళకండి. 2022 జూలైలో అలా కంచె దాటిన భారతీయులను పిల్లలతో సహా అల లాక్కుపోయింది.

ముసందం

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రంలో పడవ ప్రయాణం, పక్కన డాల్ఫిన్లు. బాగుంటుంది. కానీ ఒమన్ మిగతా భాగానికీ దీనికీ మధ్య యూఏఈ అడ్డం. దుబాయ్‌లో ఉన్నవాళ్ళు అటునుంచి వెళ్తే సుఖం, వీసా సంగతి ముందే చూసుకుని. మస్కట్ వచ్చినవాళ్ళు వదిలేయండి.

డబ్బు, తిండి

ఒక రియాల్‌కు 1,000 బైసాలు, మన లెక్కలో 200 రూపాయల పైనే. 500 బైసాల టీ చిన్న అంకెలా కనబడుతుంది కానీ వంద రూపాయలు దాటుతుంది. ఖర్చంతా బండి, గదుల దగ్గరే. రెండు కుటుంబాలు కలిసి ఏడు సీట్ల బండి తీసుకుంటే చాలా కలిసొస్తుంది. మస్కట్‌లో రువీ వెళ్తే ఇడ్లీ, దోశ, భోజనం అన్నీ దొరుకుతాయి. ఊరు దాటితే శాకాహారులకు పరాఠా, పప్పు, పెరుగన్నమే దిక్కు కాబట్టి పులిహోర కలిపి పెట్టుకోండి.

ఈ డిసెంబరులో పిన్ని, బాబాయి మళ్ళీ వస్తున్నారు. ఈసారి ప్లాన్ చిన్నది. గురువారం పొద్దున మసీదు, శివాలయం, సాయంత్రం నిజ్వా. శుక్రవారం సంత, నమాజు వేళకు ముందే కోట, మధ్యాహ్నం డ్రైవరున్న బండిలో జబల్ అఖ్దర్. ఆ రాత్రి పైనే. శనివారం పొద్దున ఫలజ్ గట్టున నడక, సాయంత్రానికి ఇల్లు. ఆదివారం ఖాళీ. ఎడారి లేదు, తాబేళ్ళు లేవు. ఫోన్‌లో చెప్తే పిన్ని అడిగింది ఒక్కటే, "ముత్రాలో ఆ లుబాన్ కొట్టుకి టైముంటుందా?" ఆదివారం సాయంత్రం దానికే.